నాన్న పొట్టకూ పాప తొడకూ మధ్య జానెడు సందు

విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరకు వచ్చి, బిడ్డ చెయ్యి పట్టుకుని జెయింట్ వీల్ వరుసలో నిలబడిన ప్రతి భారీ తండ్రీ, తాను వీరఘట్టం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారికి వారసుణ్ణని ఆ కాసేపూ గాఢంగా నమ్ముతాడు. ఆయన ఏనుగును గుండెల మీద నిలబెట్టుకున్న మాట వాస్తవం. అయితే ఆ సమయంలో పక్కన ఆరేళ్ల పాపను కూడా పడుకోబెట్టుకున్నారని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నా బరువు 104 కిలోలు. మా పాప బరువు 17. ఇంత తేడా ఉన్న ఇద్దరిని ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, ఇద్దరికీ కలిపి ఒకే ఇనుప కడ్డీని ఒళ్లోకి దించే యంత్రాలు మన జాతర మైదానాల్లోనే కాదు, ఖరీదైన థీమ్ పార్కుల్లోనూ ఉన్నాయి. ఆ కడ్డీకి పెద్దలంటే అపారమైన గౌరవం. కిందికి దిగుతూ దిగుతూ ముందుగా ఎవరి పొట్ట తగిలితే అక్కడే వినయంగా ఆగిపోతుంది. పక్కనున్న చిన్నవాళ్లకు అందిందా లేదా అన్నది దానికి పట్టదు. ఇంటి పెద్దకు సరిపోతే అందరికీ సరిపోయినట్టేనన్న మన ఉమ్మడి కుటుంబ న్యాయాన్ని ఇనుముకు ఎవరు నేర్పారో తెలియదు గాని, అది బాగా ఒంటబట్టించుకుంది.

సిరిమాను ఉత్సవానికి ముందురోజు, తొలేళ్ల నాటి సాయంత్రం, ఉయ్యాలలా ఊగే కొలంబస్ పడవలో నాకు ఈ జ్ఞానోదయం కలిగింది. కడ్డీ వచ్చి నా చొక్కా నాలుగో గుండీ దగ్గర ఆగింది. ఊపిరి వదిలితే ఇంకొక్క మెట్టు కిందికి దిగి 'టక్'మంది. తల వంచి పక్కకు చూస్తే, మా పాప తొడలకూ ఆ కడ్డీకీ మధ్య జానెడు సందు. పాప ఆ సందులో తన జీళ్ల పొట్లం పెట్టుకుంది; పొట్లానికి చోటు మరీ వదులుగా ఉందని నాతో చెప్పింది కూడా.

యంత్రం నడిపే కుర్రవాడిని పిలిచి చూపించాను. "ఏటీ అవదు బాబూ, గుంటని గట్టిగా పట్టుకోండి" అన్నాడు.

ఈ వాక్యం లోతుగా పరిశీలించదగినది. పడవ ఒక కొసకు ఎక్కి వెనక్కి తిరిగే క్షణంలో ఒళ్లు తేలికై సీటు మీంచి లేచినట్టవుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే పిల్లలు కడ్డీ కింది నుంచి జారిపోకుండా, పైకి లేవకుండా కడ్డీ ఆపాలి. ఆ పనిని నా కుడిచేతికి అప్పగించారన్న మాట. తండ్రి చేతిలో ప్రేమకు లోటుండదు గాని, కడుపులో పేగులు గొంతులోకి వచ్చినప్పుడు ఆ చెయ్యి ముందుగా పట్టుకునేది కడ్డీనే. ఈ నిజం చెప్పుకోవడానికి తండ్రులకు మొహమాటం.

ఇక గిరగిరా తిరిగే యంత్రాల్లో, పిల్లలకు బాగా కనిపిస్తుందని వాళ్లను బయటి అంచున కూర్చోబెట్టి మనం లోపలివైపు సర్దుకుంటాము. శృంగవరపుకోట నుంచి అరకు వెళ్లే బస్సులో, ముగ్గురు కూర్చునే సీటులో, మలుపు మలుపుకూ ఇద్దరి భారాన్ని మోసిన కిటికీ పక్క ప్రయాణికుణ్ణి అడిగితే ఇందులో తిరకాసేమిటో చెబుతాడు. తిరుగుడులో ఒంట్లు బయటివైపుకే జారతాయి. కనుక 104 కిలోలు బయట, 17 కిలోలు లోపల ఉండాలి. పార్కులో జారుడుబల్ల సంగతి మరీ ఘోరం: ఒళ్లో కూర్చున్న పిల్లవాడి కాలు అంచుకు తట్టుకుంటే, వాడొక్కడే అయితే ఆగేవాడు, వెనక నాన్న బరువు మాత్రం ఆగదు, ఎముక విరుగుతుంది.

ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి గారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగులో, రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. అంతటి ఆవిడనే ముందుగా కాటా ఎక్కించి 69 కిలోల తరగతిలో నిలబెట్టారు. మన దగ్గర పిల్లల ఎత్తు కొలిచే గీతయినా అక్కడక్కడ కనిపిస్తుంది గాని, తండ్రి నడుము కొలిచే టేపు ఎక్కడా కనిపించదు. జాతరలో ఊరేగించే సిరిమాను మీద కూడా, దాదాపు 60 అడుగుల మాను చివర, పూజారి గారు ఒక్కరే కూర్చుంటారు. ఆ సంప్రదాయాన్ని ఏర్పరచిన పెద్దల ముందుచూపుకు నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఎవరి కడ్డీ, ఎవరి బెల్టు వాళ్లకు ఉండే సీట్లే దీనికి విరుగుడు. కొన్ని పెద్ద పార్కుల్లో వరుస మొదట్లోనే ఖాళీ సీటొకటి ఉంచుతారు. నలుగురి ముందు పరువు పోకముందే అందులో కూర్చుని చూసుకోవచ్చు. అంతవరకూ ప్రతి కుటుంబమూ ఒక సన్నని చుట్టాన్ని పోషించుకోక తప్పదు. రేషన్ కార్డులో అలాంటివారి కోసం ప్రత్యేకంగా ఒక గడి పెట్టాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేస్తున్నాను.

మాకు ఆ చుట్టం మా చెల్లెలు, 46 కిలోలు. నేను కడ్డీ ఎత్తించుకుని, అందరూ చూస్తుండగా పడవ దిగాను. పాప పక్కన మేనత్త కూర్చుంది. కడ్డీ ఇద్దరి తొడల మీదికీ దిగింది, సందు రెండు వేళ్లకు తగ్గింది. జీళ్ల పొట్లానికి ఇక చోటు లేకపోవడంతో పాప దాన్ని నా చేతికిచ్చి జాగ్రత్తగా చూడమంది. పడవ ఆగేసరికి పొట్లంలో రెండే మిగిలాయి.