కాగితం ఎవరి చేతిల ఉన్నది?

(మహబూబ్‌నగర్‌లో ఒక బడి ఆవరణ. వాదానికి పెట్టిన మాట: "పాలమూరు కూలి కాగితం లేని పనిలో ఉండడం తెలివితక్కువతనం కాదు, లెక్క తెలిసి చేసే పని." అవునంటున్నది ఒక గుంపు మేస్త్రి, అంటే అడ్వాన్సు ఇచ్చి కూలీలను దూరం కట్టడాల పనికి తీసుకుపోయే మనిషి. కాదంటున్నది ఒక వకీలు, లేబర్ కేసులు చూస్తుంది. ఇద్దరిదీ పక్కపక్క ఊర్లే కాబట్టి వరసలు కలుపుకునే మొదలుపెట్టారు.)

మేస్త్రి: బిడ్డా, అడ్వాన్సు ఎందుకు తీస్కుంటరో ముందుగాల అది చెప్త. దసరా దాటినంక మన దిక్కు ఖర్చులన్ని ఒక్కపారే మీదబడ్తయి. ఎండిన బోరు పక్కన ఇంకో బోరు, బిడ్డ పెండ్లి, లేకుంటే దవఖాన. బ్యాంకుకు పోతే పాసుపుస్తకం తెమ్మంటరు, జమానతు తెమ్మంటరు, పాత బాకీ ఉన్నదా అని కంప్యూటర్ల చూస్తరు. భూమి లేనోడైతే జీతం చీటీ అడుగుతరు. కూలోనికి జీతం చీటీ ఎక్కడిది? మేస్త్రి అడిగేది రెండే మాటలు: జోడికి, అంటే ఆలుమగలకు కలిపి ఎంత గావాలె, ఎన్ని నెలలు వస్తరు? ఇద్దరు సాక్షులు కూసుంటరు, చాయ తాగుతరు, పొద్దు గూకే వరకు పైసలు ఇంట్ల ఉంటయి.

వకీలు: ఉంటయి కాకా, నేను కాదంటలేను. ఆ పైసల ధర ఎంతో ఎవరన్న కట్టిండ్రా? మీరే లెక్క అన్నరు కాబట్టి లెక్కే చేద్దాం. జోడికి 60,000 ఇచ్చిండ్రు అనుకోండ్రి. వడ్డీ లేదంటరు. అడ్డ మీద మనిషికి సగటున 700 నడుస్తుంటే సైటు మీద 600 కడతరు. నెలకు 26 రోజుల లెక్కన 8 నెలలకు 208 రోజులు. మనిషికి రోజుకు వంద తక్కువంటే ఇద్దరికి కలిపి 41,600. ఇగ బాకీ నెలనెలా కూలిల కోసుకుంటనే పోతరు, అంటే ఎనిమిది నెలల్ల సగటున ఉన్న బాకీ 30,000. దాని మీద నెలకు 5,200. నూటికి పదిహేడు రూపాయల మీద పడ్డది. ఊర్ల మూడు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటం కదా.

మేస్త్రి: మంచిగనే కట్టినవు గాని అడ్డ మీద నెలకు 26 రోజులు ఎవడిస్తడు? పొద్దున ఆరింటికి టిఫిను డబ్బా పట్టుకొని నిలబడతరు. తొమ్మిదిన్నర దాక ఎవడూ బండి ఆపకుంటే డబ్బా ఇంటికి తెచ్చి ఇంట్లనే తింటరు. వానలప్పుడు పది దినాలు, సీజన్ల ఇరవై, సగటున 17 అనుకో. 8 నెలలకు 136 రోజులు. ఇద్దరికి 700 లెక్కన 1,90,400. సైటు మీద 208 రోజులకు 600 లెక్కన 2,49,600. 59,200 ఎక్కువ ఎవరి దిక్కున్నది? పైన గుడిసెకు రేకులు, నీళ్ళ డ్రమ్ము, పోను రాను బండి కిరాయి మేస్త్రి నెత్తిమీదనే.

(ఇక్కడ మేస్త్రి మాటకే బరువు ఎక్కువ. కూలి రేటు ఎంత అని చూసేవాళ్లు ఏడాదికి ఎన్ని రోజులు పని దొరుకుతుందని చూడరు.)

వకీలు: ఆ 208 కాడనే మడత ఉన్నది. హాజరు బుక్కు ఎవరి జేబుల ఉంటది? జోడి అంటే మొగుడు పెండ్లాం కలిపి ఒక పేరు, రాసేది మొగోని పేరే. పిల్లకు జరమొచ్చి ఆమె గుడిసెల ఉంటే సగం హాజరు పోతది, బియ్యం ఖర్చు మాత్రం నిండా రాస్తరు. వారం ఖర్చులకు ఇచ్చే వెయ్యి, పదిహేను వందలు ఆ బుక్కులనే అడ్వాన్సు కిందికి ఎక్కుతయి. సిమెంటు రాకుంటే, క్రేను ఖరాబైతే, ఆ దినాలు ఎవరి ఖాతల? కూలోని ఖాతల్నే. ఎనిమిదో నెల ఆఖర్ల లెక్క తెగేనాడు "ఇంక 14,000 ఉన్నది" అంటే, కాదనెటందుకు కూలోని దగ్గర చిన్న చిట్టి ముక్క కూడ ఉండదు. ఆ 14,000 వచ్చే దసరా అడ్వాన్సుల మొదటి తునక. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది, ఇసొంటి బాకీ చెల్లదన్నది. 1982ల ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కేసుల సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది: కనీస కూలి కంటే తక్కువ ఇచ్చి చేయించుకుంటే అది బలవంతపు చాకిరే అన్నది.

మేస్త్రి: చట్టం బాకీ చెల్లదన్నదా, మరి ఎగ్గొట్టి ఎందుకు పోరు? నేనేమన్న కోర్టుల దావా వేస్తనా? పోలీసుటేషన్ల చెప్తనా? అయినా వందల తొంభై అయిదు జోడీలు గడువు దాక ఉంటయి. కట్టుబాటు ఉన్నది కాబట్టి. ఒకడు పైసలు తీస్కొని పారిపోతే వాని తమ్మునికి ఏ మేస్త్రి దగ్గర పైస పుట్టదు. వాని బిడ్డకు సంబంధం మాట్లాడేటప్పుడు ఆ మాట లేస్తది. నా మీద కూడ అంతే కట్టుబాటు ఉన్నది. జోడి పారిపోతే గుత్తేదారు నా కమీషన్ల కోస్తడు. నేను సైటు మీద మనిషి చచ్చిపోతే శవాన్ని ఊరికి తేకుంటే, మల్ల ఏడు ఆ ఊర్ల అడుగు పెట్టలేను.

వకీలు: ఇదే మాట నాకు గావాలె. మేస్త్రి ఎప్పుడన్న తెలవని ఊర్లకెల్లి మనుషుల్ని తీసుకపోతడా? పోడు. సొంత తండా, సొంత వాడ, బామ్మర్ది ఊరు. ఎందుకంటే అక్కడి దాకనే వాని ఒత్తిడి అందుతది. మీరు ఇజ్జత్ అంటున్నది మనిషి తాకట్టు కాకా. తమ్ముని పని, బిడ్డ పెండ్లి, అవ్వ మాట, ఇవన్ని కుదువ పెట్టినట్టు. అందుకే చుట్టాలు లేని ఒంటరి ఆడామెకు అడ్వాన్సు పుట్టదు. ఆమె పని చేయలేక కాదు, ఆమె పారిపోతే పట్టుకునే కొస లేక.

మేస్త్రి: బ్యాంకు కూడ కుదువ లేకుంటే ఇయ్యదు కదా. బంగారం ఉన్నోడు బంగారం పెడతడు, లేనోడు మాట పెడతడు. చిట్టీలు ఎట్ల నడుస్తున్నయి? ఇరవై మంది, నెలకు అయిదు వేలు, లక్ష చిట్టీ. పాటల ఒకడు 30,000 తగ్గించి పాడితే వానికి 70,000 చేతికొస్తది. తగ్గింపుల చిట్టీ పెద్దమనిషికి 5,000 పోను మిగిలిన 25,000 ఇరవై మందికి, తలా 1,250. ఆ నెల అందరు కట్టేది 3,750. ఏ దరఖాస్తు లేదు. పొద్దున అవసరం పడితే రాత్రి పాట.

వకీలు: ముందు ఎత్తుకున్నోడు తర్వాత కట్టకుంటే?

మేస్త్రి: జమానతు ఉంటది. ప్రాంసరీ నోటు రాయించుకుంటరు, చెక్కు తీస్కుంటరు.

వకీలు: దొరికిండ్రు! కాగితం లేదంటిరి కదా. ఖాళీ ప్రాంసరీ నోటు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, తారీఖు లేకుండ. ఎందుకు లేకుండ? నోటు మీద దావా రాసిన నాటి నుంచి మూడేండ్ల లోపలే వెయ్యాలె. తారీఖు ఖాళీ ఉంటే ఆ మూడేండ్లు ఎప్పుడు మొదలైతయో పెట్టెల పెట్టుకున్నోని ఇష్టం. ఖాళీ చెక్కు అంతే. బ్యాంకుల వేస్తరు, వాపస్ వస్తది, ముప్పై రోజుల్ల నోటీసు, పదిహేను రోజుల గడువు, ఆ మీద కేసు. ఇది అంత కోర్టు కాగితమే. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం సర్కారు మంజూరు తీస్కోవాలె, రిజిస్ట్రారు దగ్గర నమోదు చెయ్యాలె, చిట్టీ సొమ్ముకు సరిపోను జమానతు ముందే కట్టాలె. కమీషన్ గరిష్ఠం 5 శాతం ఉండె, 2019ల 7 చేసిండ్రు. ఇంటి చిట్టీ పెద్దమనిషి ఆ జమానతు కట్టడు, ఇరవై మంది సంతకాలు మాత్రం పెట్టెల ఉంటయి. ఆయన దివాలా తీసిన నాడు ఏం చేస్తడు? ఐపీ పెడతడు, అంటే దివాలా దరఖాస్తు. ఇన్నేండ్లు నోటిమాట మీద బతికినోడు ఆఖరుకు కోర్టు గడప తొక్కి నోటీసు పంపుతడు, మీ పేరు అందుల పదిహేడో నంబరు. కాగితం లేని పని అనేది ఎక్కడా లేదు కాకా. కాగితం ఒక్క దిక్కే ఉన్న పని ఉన్నది.

(మేస్త్రి కొంతసేపు తువ్వాల సర్దుకున్నాడు.)

మేస్త్రి: సరే. గద్వాల దిక్కు రైతులు కంపెనీలకు పండించే పత్తి విత్తనాల సంగతి చెప్పు. అక్కడ కంపెనీలు ఉన్నయి, బిల్లులు ఉన్నయి, అంత కాగితమే. రైతు బాగుపడ్డడా?

వకీలు: ఆ కాగితం రైతు చేతిల ఎక్కడున్నది? కంపెనీ రాసుకున్నది ఆర్గనైజరు తోని, అంటే నడిమి మనిషి తోని. రైతుకు ఆర్గనైజరు మాటే. పని ఎట్లుంటదో చూడండ్రి. ఆడ చెట్టు మీద రేపు పూసే మొగ్గను ఇయ్యాల సాయంత్రం గిల్లి కేసరాలు తీస్తరు. తెల్లారి మొగ చెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దుతరు. మొగ్గ మొగ్గకు మనిషి చెయ్యి, వారాల తరబడి, ఒక్క పూట ఆపినా ఆ మొగ్గలు సొంత పుప్పొడి తోనే కాస్తయి, కల్తీ. అందుకే బడి పిల్లలు కూడ చేలల్ల కనబడతరు. విత్తనం పోయినంక కొన్ని నెలలకు జీఓటీ ఫలితం వస్తది. అంటే శాంపిలు మొలకెత్తించి, మొక్కలు ఒకటే తీరున్నయా చూస్తరు. ఫెయిలన్నరు అంటే పంట పోయినట్టే. ఆ శాంపిలు తన చేనుదేనా అని రైతు ఎట్ల అడుగుతడు? రసీదు లేదు. అడ్వాన్సు మీద నూటికి రెండు రూపాయల వడ్డీ మాత్రం తారీఖు తోని ఉంటది.

మేస్త్రి: అయినా వేస్తరు. ఎందుకంటే క్రాసింగు కూలీలకే సగం పెట్టుబడి పోతది, బ్యాంకు పంట లోను దానికి సరిపోదు. వారం వారం పైస తెచ్చిచ్చేది ఆర్గనైజరు ఒక్కడే. ఇగ నీ సర్కారు కాగితం మాట. లేబర్ కార్డు ఉన్నది, 18 నుంచి 60 ఏండ్లు, యాడాదిల 90 రోజులు కట్టడం పని చేసినట్టు రుజువు. పుణెల చేసిన 90 రోజులకు మహబూబ్‌నగర్‌ల ఎవడు సంతకం పెడతడు? పీఎఫ్ ఉన్నది, 12 శాతం కోస్తరు. ఆరు నెలలకు సైటు మారుతది, కొత్త గుత్తేదారు కొత్త నంబరు తీస్తడు. తీసుకుందామని పోతే ఆధార్‌ల నర్సిములు, పీఎఫ్‌ల నర్సింహులు. ఆ ఒక్క అక్షరానికి మూడు దినాల కూలి పోగొట్టుకొని తిరగాలె. కూలోని కండ్లకు అది దాచిన పైస కాదు, పోయిన పైస.

వకీలు: ఇది నిజం, దీనికి నా దగ్గర జవాబు లేదు. పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ అని గీత గీసిండ్రు. ఆ గీత చూసి తొమ్మిది పేర్లే హాజరు పట్టీల రాసి, మిగిలినోళ్ళను "మేస్త్రి మనుషులు" అనేటోళ్ళు ఉన్నరు. 1979ల అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం వచ్చింది, ప్రతి కూలికి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇయ్యాలన్నది. ఎంతమంది చేతిల చూసిండ్రు?

మేస్త్రి: ఒక్కని చేతిల చూడలే.

వకీలు: కట్టుబాటు అంటే నాకు పగ లేదు కాకా. మిర్యాలగూడ దిక్కు నాట్ల గుంపులు చూడండ్రి. పది పన్నెండు మంది ఆడోళ్ళు ఎకరం గుత్త పట్టుకుంటరు, వచ్చిన పైసలు సమానంగ పంచుకుంటరు. పిల్లకు పాలిచ్చేటామె గట్టు మీద కాసేపు కూసున్నా కొయ్యరు, రేపు ఇంకొకామె వంతు అని తెలుసు. రేటు తగ్గించి పోయినామెతోని మాట్లాడరు. ఇదీ నోటిమాటనే, ఏ కాగితం లేదు. అయినా ఎవరూ మునగరు, ఎందుకంటే ఒకరు ఇంకొకరికి బాకీ లేరు. కట్టుబాటు సరిసమానుల నడుమ ఒక తీరు, బాకీ ఉన్న కాడ ఇంకో తీరు.

మేస్త్రి: ఆ నాట్ల గుంపుకే ఏమైందో చెప్పు మరి. బీహార్, బెంగాల్ నుంచి మొగోళ్ళు తాళ్ళు పట్టి నాటుతున్నరు, ఎకరానికి తక్కువకు ఒప్పుకుంటున్నరు. ఆ కట్టుబాటు వాండ్లకు అంటదు.

వకీలు: పాలమూరోళ్ళు పుణెకు పోయినప్పుడు అక్కడి కూలోళ్ళు మనల్ని ఇదే అని ఉంటరు కదా.

మేస్త్రి: (నవ్వి) అనలే అంటనా.

వకీలు: అందుకే చిన్న అడుగు అడుగుతున్న. ప్రతి జోడికి రెండు రూళ్ళ నోటుబుక్కులు, ఒకటి మీ దగ్గర, ఒకటి వాండ్ల దగ్గర. ఇచ్చిన అడ్వాన్సు, కూలి రేటు, ఏ దినం ఎవరు వచ్చిండ్రు, ఆడామె పేరు వేరే గీతల, వారం ఖర్చులు. శనివారం రెండిట్ల సంతకాలు.

మేస్త్రి: రాస్తే నాకే ఉరి. అడ్వాన్సు ఇచ్చి పని చేయించుకున్న అని నా సంతకం తోనే ఉంటది, నీ 1976 చట్టం కింద రేపు తహసీల్దారు ముందట ఆ బుక్కే నా మీద సాక్ష్యం. మంచిగ లెక్క రాసేటోడే ముందు ఇరుకుతడు, రాయనోడు తప్పించుకుంటడు.

వకీలు: ఉత్త అడ్వాన్సు ఇచ్చుడు నేరం కాదు కాకా, మనిషిని కట్టేసుకునేటందుకు ఇచ్చుడు, దాన్ని చూపి పోనియ్యకుండ ఆపుడు నేరం. కాకపోతే మీ భయం ఉత్తది అని చెప్పలేను. ఏది ఎటు తిరుగుతదో విచారణ చేసే అధికారిని బట్టి ఉంటది.

మేస్త్రి: హాజరు రాస్త. ఆమె పేరు వేరే రాయమంటే రాస్త. వారం ఖర్చులు రాస్త. అడ్వాన్సు మాత్రం రాయ.

వకీలు: హాజరు, ఖర్చులు రాయండ్రి. రేటు పైన రాయండ్రి. అడ్వాన్సు ఎంతో ఆ మూడిట్ల నుంచి, ఆఖర్ల చేతికిచ్చిన పైసల నుంచి నేను తీస్త.