ఏసీ విద్వాంసుల వారికి

మహారాజశ్రీ ఏసీ విద్వాంసుల వారి సముఖానికి,

వేణువు ఊదుకుని బతికేవాణ్ణి, నమస్కరించి రాయునది ఏమనగా:

మొన్న మే నెలలో తమరి హాల్లో నా కచేరీ అయ్యింది. అయిపోయింది అన్నా తప్పు లేదు. ఇంట్లో ఫ్యాను కింద శ్రుతిపెట్టెతో అతికినట్టు పలికిన వెదురు, తమరి సన్నిధికి రాగానే కిందకి జారింది. ముందు వరసలో ఒక పెద్దాయన "కుర్రాడికి సాధన చాల్లేదు" అన్నారు. తమర్ని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. చల్లగా చూసేవాళ్లని ఎవరంటారు లెండి!

వేణువులో పలికేది వెదురు కాదు, లోపలి గాలి. గొట్టం పొడవు దాదాపు మారదు కాబట్టి, ఆ గాలిలో ధ్వని ఎంత వేగంగా పోతుందో స్వరం అంత పైన ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకి సుమారు 331 మీటర్లు, ఆపైన డిగ్రీకో 0.6 చొప్పున పెరుగుతుంది. బయట 36, తమరి దగ్గర 18. లెక్క వేస్తే నా ఐదున్నర శ్రుతి వేణువు, పక్కపక్క మెట్లైన ఐదుకీ ఐదున్నరకీ నట్టనడుమ, ఏ హార్మోనియం మెట్టూ లేని చోట నిలబడాలి. నా ఊపిరి వెచ్చదనం కాస్త పైకి లాగబట్టి అంత పరువు పోలేదు.

పక్కన ఫిడేలు గారిది ఇంకో కథ. చలికి తీగలు బిగుసుకుని ఆయన పైకి, నేను కిందకి. ఆయన బిరడా తిప్పి సర్దుకున్నారు. పాశ్చాత్యుల ఫ్లూటుకైనా తల భాగం లోపలికి నెట్టుకునే వీలుంది. నాది ఒకటే ముక్క.

అసలు నరకం తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే వంతు. మృదంగం వాళ్లు పావుగంట చెలరేగుతుంటే, నా వేణువు ఒళ్లో పడుకుని హాయిగా చల్లారుతుంది. మళ్లీ పల్లవి అందుకోవాలి కదా అని, ఎనిమిది రంధ్రాలూ మూసి, చప్పుడు రాకుండా వెచ్చటి ఊపిరి పోస్తూ కూర్చున్నాను. చూసినవాళ్లు నాకు ఆయాసం అనుకున్నారు. అంతలో ఎవరో "చలేస్తోంది బాబూ" అన్నారు. వాచ్‌మన్ గారు రిమోట్ నొక్కి తమర్ని ఆపేశారు. తరవాతి కీర్తన చరణానికొచ్చేసరికి నేను పైకి!

కచేరీకి గంట ముందే వేసి, ఒకే అంకె మీద ఉంచండని నిర్వాహకుల్ని బతిమాలాను. కరెంటు బిల్లు చూపించారు.

వచ్చే నెల మళ్లీ తమరి దగ్గరే కచేరీ. ఈసారి ఇంకాస్త పొట్టి వేణువు ఒకటి, ఫ్లాస్కు నిండా కాఫీ తెస్తున్నాను. కాఫీ నాకు కాదు, రిమోట్ పట్టుకున్న చేతికి.

ఇట్లు,
తమరి శ్రుతికి లోబడిన
వేణువు వాడు