సగం లెక్కల పచ్చ ఇళ్లు

మిద్దె మీద సోలార్ పలకలు బిగించి, లోపల ఐదు నక్షత్రాల ఫ్యాన్లు తగిలిస్తే చాలు, అది పర్యావరణహిత గృహమైపోతోంది. కరెంటు బిల్లు తగ్గుతుంది, నిజమే. కేంద్ర పథకం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78 వేల రాయితీనీ ఎవరూ తప్పుపట్టరు. కానీ అది సగం లెక్క.

మిగతా సగం సిమెంటుకు సున్నపురాయి తవ్వే కడప జిల్లా ఎర్రగుంట్ల గనుల్లో ఉంది. సిమెంటు బట్టీలో వంద కిలోల సున్నపురాయి పూర్తిగా కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బట్టీలో మండే బొగ్గు పొగ దానికి అదనం. వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఇంటికి మేస్త్రీల లెక్కన 400 బస్తాల సిమెంటు, నాలుగు టన్నుల కడ్డీ పడతాయి. బూడిద కలిసిన పీపీసీ రకం సిమెంటు వాడినా, గృహప్రవేశానికి ముందే ఆ ఇంటి ఖాతాలో దాదాపు 20 టన్నుల ఉద్గారాలు చేరిపోతాయి.

పైగా ఇంటి ఆయుష్షు 50 ఏళ్లని రాసుకుంటారు. కడ్డీ వేసిన కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడ్, అంటే కడ్డీకి తుప్పు తెచ్చే ఉప్పు, లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. మన ఉప్పుబోర్ల నీళ్లను పరీక్ష చేయించేదెవరు? కడ్డీ కింద కాంక్రీటు పొర నిలిచేలా 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకు పెట్టాల్సిన చోట కంకర ముక్క తోస్తారు. కాంక్రీటు పోసేటప్పుడు కాలు తగిలి అది జారుతుంది, కడ్డీ పోయి సెంట్రింగ్ రేకుకు ఆనుతుంది. పాతికేళ్లకే తుప్పు ఉబ్బి పెచ్చులూడతాయి. మళ్లీ కట్టాలి, మళ్లీ 400 బస్తాలు. ఈ రెండో ఇల్లు ఎవరి లెక్కలో ఉంది?

పాతకాలపు చౌడుమట్టి మిద్దెకు ఎలుకలు బొక్కలు పెడితే కారేది, కాదనం. కూల్చితే మాత్రం దూలాలు, బండలు ఇంకో ఇంటికి, గోడమట్టి చేనికి పోయేవి. స్లాబు పెళ్లలు మాత్రం వాగులు, వంకల్లోకి పోయి నీటిదారికి అడ్డం పడుతున్నాయి. 2001లో బుగ్గవంక పొంగి కడప ఊరి మీద పడిన సంగతి అప్పుడే మరిచారా?

చిన్న ఇళ్లకు ఈ లెక్కలన్నీ ఎందుకు, ఖర్చు పెరగదా అంటున్నారు. ముందస్తు పర్యావరణ అనుమతి 20 వేల చదరపు మీటర్లు, ఆపై నిర్మాణాలకే అన్నది కేంద్రం 2006లో గీసిన గీత. పైన చెప్పిన ఇళ్లు 216 కలిస్తే ఆ గీత దాటుతాయి. విడివిడిగా కట్టారు కాబట్టి లెక్కకే రావు! మళ్లీ సగం లెక్కే.

ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ జాగాను అంగుళాలతో సహా కొలిచే టౌన్‌ప్లానింగ్ అధికారులకు బోరునీటి పరీక్ష కాగితం అడగడం అంత బరువా? సిమెంటు ఎంత, కడ్డీ ఎంత, కూల్చితే పెళ్లలు ఎక్కడికి అన్న మూడు గడులు ప్లాను దరఖాస్తులో చేర్చండి. అది చేతకాకపోతే పచ్చ ఇళ్లంటూ సర్టిఫికెట్లు పంచడం ఆపండి.