ఆ ఎరుపు రెంబ్రాంట్‌ది కాదండీ

రెంబ్రాంట్‌లాంటి పాత డచ్చి చిత్రకారుల బొమ్మల ముందు నిలబడి "అబ్బ, ఏం ఎరుపు!" అనుకుంటూ అంతా చిత్రకారుడి చేతికే దండం పెడతారు. పక్కన చీటీ మీద చాలాచోట్ల "కాన్వాస్‌పై తైలవర్ణం" అని ఉంటుంది, అంతే. కొన్నిటిలో ఆ రంగు కొచినీల్ అనే పురుగు నుంచి వచ్చిందనీ, దాన్ని పెంచింది మెక్సికోలోని ఓహాకా రైతులనీ ఒక్క ముక్క ఉండదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

అదేమన్నా తేలిక పనా? గుడ్ల మీదున్న ఆడ పురుగుల్ని పీచు గూళ్లలో పెట్టి నాగజెముడు మట్టలకు ముళ్లతో గుచ్చాలి. మూడు నెలలు కాపలా. గట్టి వాన కొడితే రాలిపోతాయి, మంచు పడితే చస్తాయి, ఏమరితే కోళ్లు, బల్లులు మేసేస్తాయి. ఎదిగినవాటిని కుంచెతో రాల్చి, వేణ్నీళ్లలో ముంచో ఎండకు వేసో చంపి ఆరబెట్టాలి. ఎండలో చస్తే పైన తెల్లటి మైనపు పొడి నిలిచి వెండిలా ఉంటుంది, వేణ్నీళ్లలో అది కడుక్కుపోతుంది. మూడు కిలోల పచ్చి సరుకు ఆరితే కిలో. కిలోకి దాదాపు లక్షన్నర పురుగులు! అప్పట్లో మెక్సికోని ఏలిన స్పానిష్ అధికారులు ముందే బయానా ఇచ్చి, తాము కట్టిన ధరకి పట్టుకుపోయేవారు. ఆ రోజుల్లో మెక్సికో ఎగుమతుల్లో వెండి తర్వాత విలువ దీనిదే.

ఆంస్టర్‌డామ్‌లో దీన్ని నూరి, మరిగించి, పటికా సుద్దా వేసి అడుగున దిగిన ముద్దని అవిసె నూనెలో కలిపేవారు. 'లేక్' అంటారు, మన లక్క మాటే. ఇంగిలీకం అనే ఇంకో ఎరుపు మీద పల్చగా పూస్తే లోపల్నుంచి వెలుగుతున్నట్టుంటుంది. ఇనప గిన్నెలో మరిగిస్తే మాత్రం మసకబారుతుంది.

ఇక శాస్త్రవేత్తలు! ఇది గింజా, పండా, పురుగా అని దశాబ్దాలు తగువు. సూక్ష్మజీవుల్ని చూసి పేరుపడ్డ డచ్చి పరిశోధకుడు లీవెన్‌హుక్ అంతటివాడే 1680ల్లో సూక్ష్మదర్శినిలో చూసి ముందు పండన్నాడు, తర్వాత పురుగేనని మాట మార్చుకున్నాడు. అప్పటికీ తెగక ఇంకో డచ్చాయన అది పురుగేనని పందెం కాసి, ఓహాకాలో పెంచేవాళ్ల చేత ప్రమాణం చేయించి, ఆ సాక్ష్యాలు 1729లో ఆంస్టర్‌డామ్‌లో అచ్చేశాడు. ముందే వాళ్లనడిగితే ఒక్క పూట పని.

ఈ రంగు మన దేశంలోనూ తీద్దామని 1795లో ఈస్టిండియా కంపెనీ కోసం బ్రెజిల్ నుంచి కలకత్తాకి పురుగు దిగింది. తీరా అది వేరే జాతి, అడవి రకం. రంగు నాసి. కానీ ఇక్కడి నాగజెముడు కంచెల్ని మాత్రం శుభ్రంగా తినేసింది.