ప్రార్థన అంశం గారికి, నా మోకాలి తరఫున

ప్రభువునందు మిక్కిలి గౌరవనీయులైన ప్రార్థన అంశం గారికి,

వందనాలు. ఎవరి కష్టం కోసం ప్రార్థించాలో ఆదివారం క్లాసులో చదివి వినిపించే చీటీ మీరే కదా. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. మీరు క్షేమంగా ఉండబట్టే మాకీ అవస్థ.

పోయిన ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా మా ఇంటికి ఇరవై మూడు మంది వచ్చారు. నాలుగు బ్రెడ్డు పేకెట్లు, రెండు హార్లిక్స్ సీసాలు, పద్దెనిమిది బత్తాయిలు, ఒక కొబ్బరిబోండాం. బోండాం తెచ్చినాయన వెంట కత్తి కూడా తెచ్చుకున్నాడు, ముందుచూపున్న మనిషి. అందరూ వచ్చింది మా ఆవిడను చూడ్డానికి. మా ఆవిడ ఆ వేళకి వంటింట్లో కోడికూర కలుపుతోంది.

ఆవిడకి ఏ జబ్బూ లేదండి. జబ్బు నా మోకాలికి.

ఎలా జరిగిందో మీకు తెలియనిది కాదు, అయినా మీ పనితనం మీకే ఒకసారి వినిపించాలని ఉంది. బుధవారం రాత్రి కూడిక అయ్యాక స్కూటరు స్టాండు తీయలేక గేటు దగ్గర నిలబడిపోయాను. ఒక బ్రదర్ చూసి "ఏటి మాస్టారూ, అలా ఉండిపోయారు?" అన్నాడు. "ఏం లేదు బావూ, కుడి మోకాలు పట్టేసింది. ఎవరికీ చెప్పకు" అన్నాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకి తెలుగు చెప్పినవాణ్ణి, మాట విలువ తెలిసి ఉండాల్సింది. "ఎవరికీ చెప్పకు" అంటే మన పెద్దల సండేస్కూల్లో "ప్రార్థనలో పెట్టు" అని అర్థం.

బ్రదర్ ఇంటికెళ్లి కోడలికి చెప్పాడు. కోడలిది గుణుపురం వైపు ఒడియా వాళ్లిల్లు. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ తొందరలో ఒడియా మాట దొర్లుతుంది. ఒడియాలో మోకాలిని ఆంఠు అంటారు. "మాస్టారి ఆంఠు బాగోలేదట" అని ఆ పిల్ల ఫోన్లో ఉన్నదున్నట్టే చెప్పింది. అవతల సిస్టర్ చెవిలో అది "మాస్టారి ఆంటీ బాగోలేదట" అయి కూర్చుంది. సంఘంలో సగం మందికి మా ఆవిడ ఆంటీయే కదా! 1936లో మన పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి ఈ రెండు భాషలూ మా ఇళ్లలో తోడికోడళ్లలా సర్దుకుపోతూనే ఉన్నాయి. వాటి మధ్య తగువు పెట్టడానికి మీరే రావలసి వచ్చింది.

శుక్రవారానికి ఆంటీకి నీరసం. శనివారం పొద్దున ఆంటీకి బీపీ. సాయంత్రం కూరగాయల బజారుకి చేరేసరికి ఆంటీని బరంపురం తీసుకెళ్లారు. ఆదివారం తెల్లవారుతూనే బరంపురంలో లాభం లేదన్నారు, విశాఖ తీసుకెళ్లమన్నారు. ఈ ప్రయాణాలన్నీ జరుగుతున్నంతసేపూ ఆంటీ మా మేడ మీద వడియాలు తిరగేస్తోంది.

ఇక ఆదివారం క్లాసు. మనవరాలు వస్తోందని మా ఆవిడ ఆ రోజు ఇంట్లో ఉండిపోయింది, నేనొక్కణ్ణే కుంటుకుంటూ వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఇరవై ఆరుమంది ఉన్న గదిలో మైకు పట్టుకుని సిస్టర్ మిమ్మల్ని చదివారు. "మన మధ్యనున్న ఒకానొక కుటుంబములో ఒక సహోదరి శరీరమందు మిక్కిలి బలహీనముగా ఉన్నారు. వారి నామము చెప్పుట యుక్తము కాదు." అయ్యో పాపం, ఎవరో అనుకున్నాను. ఎవరైతేనేం, కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించాను. ఆమేన్ అందరికంటే నేనే గట్టిగా అన్నాను. మా ఆవిడకి లేని రోగం కోసం నా చేతే కన్నీళ్లు పెట్టించారు మీరు.

క్లాసు అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి నొక్కుతున్నారు. "ధైర్యంగా ఉండండి మాస్టారూ." మోకాలి సంగతి తెలిసిపోయింది కాబోలు అనుకుని "పర్వాలేదు, రోజూ రాత్రి నూనె రాస్తున్నాను, సర్దుకుంటుంది" అన్నాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "విశ్వాసమంటే మాస్టారిదే" అని వెనక ఎవరో అనడం కూడా వినిపించింది. సంతోషించాను!

మధ్యాహ్నం సంగతి. మొదటి బృందం రాగానే మా ఆవిడ "నాకేం లేదమ్మా, బాగానే ఉన్నాను" అంది. "పెద్దవాళ్లు అలాగే అంటారు పిన్నీ" అన్నారు. రెండో బృందానికి నవ్వుతూ చెప్పింది. "ఇంత బాధలోనూ ఆ నవ్వు చూడండి" అన్నారు. మూడో బృందానికి విసుక్కుంటూ చెప్పింది. "బీపీ, బీపీ" అని ఒకరి చెవిలో ఒకరు గొణుక్కున్నారు. టీలు పెట్టి పెట్టి కాళ్లు లాగి కాసేపు మంచం మీద కూర్చుంది. కూర్చోగానే "చూశారా!" అన్నారు. ఆఖరికి పాస్టరు అయ్యగారు వచ్చి ఆవిడ తల మీద చెయ్యి పెట్టి పదకొండు నిమిషాలు ప్రార్థించారు. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ఆ పదకొండు నిమిషాల్లో కోడికూర అడుగంటింది. ఆ వాసన హాల్లోకి వస్తున్నప్పుడు మా ఆవిడ ఒక కన్ను తెరిచి నన్ను చూసిన చూపు మీరు చూసి ఉంటే, మరుసటి ఆదివారానికి నేనే ఒక అంశాన్ని అయ్యేవాణ్ణని మీకే అర్థమయ్యేది.

ఆంఠే ఆంటీ అయిందని తేలింది సాయంత్రం ఆరున్నరకి. అది తేల్చింది బ్రదర్ వాళ్ల కోడలే. కుంకుడుకాయంత మొహం చేసుకుని వచ్చి, నా మోకాలికి పట్టీ ఇచ్చి వెళ్లింది. అందరిలోకీ సరైన రోగికి సరైన వస్తువు తెచ్చింది ఆ పిల్ల ఒక్కతే.

మీ వంశవృక్షం కూడా కాస్త తిరగేశాను. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో వారమంతా పనికి పోయే పేదపిల్లల కోసం సండేస్కూలు పెట్టించిన రాబర్ట్ రైక్స్ ఏ పని చేసేవాడో తెలుసా? పత్రిక నడిపేవాడు! మూడేళ్లయ్యాక ఆ బడి సంగతి తన పత్రికలోనే వేశాడు కూడా. అంటే వార్తల పిచ్చి మీ రక్తంలోనే ఉందన్నమాట. కాకపోతే ఆయన అచ్చుకి ఇచ్చే ముందు ప్రూఫు చూసేవాడు.

అసలు నా గొడవంతా ఆ "శరీరమందు బలహీనము" మీద. ఏ ఊరండీ మనది? గిడుగు రామమూర్తి పంతులు గారు కాపురమున్న ఊరు. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకం ఉండాలని ఆయన పండితులతో పోరాడింది ఇక్కడుండగానే. కొండ మీద సవరల మాటలు నేర్చుకుని వాళ్ల భాషకి వ్యాకరణం రాసింది ఇక్కడుండగానే. ఆయన పోరాటం దేశమంతా గెలిచింది, మన సండేస్కూలు గదిలో మాత్రం ఓడిపోయింది. "మాస్టారికి మోకాలు నొప్పి" అని మూడు మాటల్లో చెప్పి ఉంటే నా కోడికూర నాకు దక్కేది. "శరీరమందు బలహీనము" అన్నారూ, అందులో తుమ్ము నుంచి క్యాన్సర్ దాకా ఏదైనా పడుతుంది. "ఒకానొక సహోదరి" అన్నారూ, ఇక క్లాసులో ఆడవాళ్లందరూ ఒకరినొకరు ఎగాదిగా చూసుకోవలసిందే. అన్నిటినీ మించి ఇంకోటి ఉంది, "నోటితో చెప్పలేని మనవి". నోటితో చెప్పలేనిదాన్ని మైకులో చెప్పడమెందుకో! అది చదివిన వారం పాఠం వినేవాడు ఒక్కడుండడు.

పాఠం అంటే గుర్తొచ్చింది. బైబిల్లో నెహెమ్యా యెరూషలేము గోడ యాభై రెండు రోజుల్లో కట్టించాడు. మేము ఆ గోడ పాఠం మొదలుపెట్టి నాలుగు నెలలైంది, మూడో అధ్యాయం దాటలేదు. మీ తరవాత పుట్టినరోజు పాటలు, దాని తరవాత కృతజ్ఞతార్పణ కవర్లు, దాని తరవాత గంట కొట్టేస్తారు. 1878 జూలై 3న ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారు. ఇప్పుడైతే ఆ 2,222 మంది అంశాలు చదివేసరికి ఏరు ఎండిపోను.

మీకు ముగింపు కూడా లేదు. చీటీలోకి ఎక్కినవాడు దిగడు. నాలుగేళ్ల కిందట కంటి ఆపరేషనైన పెద్దాయన ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, ఆయన చూపు కోసం ఇంకా ప్రార్థిస్తున్నాం. ఉద్యోగం రావాలని మనం అడిగిన కుర్రాడు ఆ ఉద్యోగంలో చేరి, అందులోంచి మానేసి, ఇంకో ఉద్యోగంలో ఉన్నాడు. పోయిన క్రిస్మస్‌కి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన ముసలావిడ ఆరోగ్యం కోసం ఫిబ్రవరి దాకా అడిగాం. ఏం జరిగిందని మళ్లీ వెళ్లి ఎవరూ అడగరు. కొత్త అంశం ఉండగా పాతదాన్ని పట్టించుకునేదెవరు?

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నవ్వుకోలేనిది ఒకటుంది.

రెండేళ్ల కిందట ఒక అమ్మాయికి ఖాయమైన సంబంధం తప్పిపోయింది. ఎందుకు తప్పిపోయిందో ఆ ఇంటివాళ్లకే సరిగ్గా తెలీదు. మీకు తెలిసింది. "ఒకానొక యౌవనస్థురాలి జీవితములో జరిగిన దాని విషయమై" అని ఆదివారం చదివించారు. ఆ పిల్ల మూడో వరసలో కూర్చుని ఉంది. కళ్లు మూసుకోమన్నారు, సగం మంది మూసుకోలేదు. ఆ మరుసటి వారం నుంచి ఆ పిల్ల రావడం మానేసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి, తనెవరో తెలియని సంఘంలో కూర్చుంటోందట. సొంత సంఘంలో కూర్చోలేక రాష్ట్రం దాటి పోవాలా ఆ పిల్ల? నీకు మీరు అనడం కూడా దండగ. ప్రార్థన పేరు చెప్పి నువ్వు చేసింది కొండెం. కొండెగాడు పరుల గుట్టు బయటపెడతాడని చెప్పే సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం అందరికీ కంఠతా వచ్చు, ఎవరికీ గుర్తు రాదు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు ప్రభువు చెప్పాడు. నువ్వు తలుపులు బార్లా తీసి మైకు పెట్టావు.

నేనూ తక్కువ తినలేదు. ఆ రోజు క్లాసు అయ్యాక పక్కాయన్ని "ఎవరమ్మాయి?" అని అడిగింది నేనే. ఆ అడిగినవాణ్ణి ఇవాళ మోకాలికి ఇంత గొడవ చేస్తున్నాను.

నీ మీద ఫిర్యాదు చేద్దామంటే చోటు కూడా లేదు. మనం బాప్టిస్టులం, పైన బిషప్పుగారు లేరు. ప్రతి విశ్వాసీ యాజకుడే అంటాం, నీ పుణ్యమా అని ప్రతి విశ్వాసీ విలేఖరి కూడా అయ్యాడు. ఏదైనా తేలాలంటే సభ్యుల సమావేశంలో చేతులెత్తాలి. అదీ చూశాను. "సొంతదారుణ్ణి అడక్కుండా ఎవరి సంగతీ ప్రార్థనలో పెట్టకూడదు" అని పోయిన ఏడు తీర్మానం ప్రతిపాదించాను. ఒకరు బలపరిచారు. ఇంకొకరు లేచి "ఉదాహరణకి ఎలాంటి సంగతులు మాస్టారూ?" అన్నారు. అంతే. ఉదాహరణలు మొదలయ్యాయి. నాకు తెలియని కాపురాల సంగతులు ఆ గంటలో ఏడు తెలిశాయి. తీర్మానం వాయిదా పడింది.

ఇంత తిట్టాక కూడా ఒక్కటి ఒప్పుకోవాలి, లేకపోతే రాత్రి నిద్రపట్టదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన వీధిలో కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, కొండల మీంచి నీళ్లు మీద పడ్డాయి. ఆ మర్నాడు మన క్లాసు సిస్టర్ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి బురదలో ఇల్లిల్లూ తిరిగింది. పాఠం పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసుకుంది. ఆ అట్ట నేను చూశాను. "చివరి వీధి అవ్వ, రేకులు ఎగిరిపోయాయి, బియ్యం తడిసిపోయాయి. దాని పక్కిల్లు, చంటిపిల్ల, పాలు లేవు." అందులో ఒకానొక లేదు, బలహీనము లేదు, యుక్తము కాదు లేదు. సాయంత్రానికి అవ్వ ఇంటి మీద టార్పాలిన్ పడింది. ఆ రోజు నువ్వు ఎంత చక్కగా తెలుగు మాట్లాడావు! పోయిన ఆదివారం మైకు పట్టుకున్నదీ ఆ సిస్టరే.

అందుకే నిన్ను క్లాసులోంచి తీసెయ్యమని అడగలేకపోతున్నాను. అడిగినా ఎవరూ తియ్యరనుకో.

బత్తాయిలు ఇంకా పదకొండు మిగిలాయి. బ్రెడ్డు కుక్కకి పెట్టాం, అది కూడా నాలుగో పేకెట్టు దగ్గర మొహం తిప్పుకుంది.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరుడు, కుడి మోకాలు కలవాడు

తా.క. ఈ ఉత్తరం ముగిస్తుండగా చూశాను. అంతమందికి టీలు పెట్టి, అంట్లు తోమి, మాడిన గిన్నె రాత్రి పదింటి దాకా గీకి, మా ఆవిడ నిజంగానే జ్వరం తెచ్చుకుంది. ఒళ్లు కాలిపోతోంది. దయచేసి ఎవరికీ చెప్పకండి. చెప్పక తప్పకపోతే, మోకాలు అని చెప్పండి.