47 పాటల వైద్యం

డిప్రెషన్‌కి మందు దొరికింది. మొత్తం 47 పాటలు. పరగడుపునే వినాలి. కనిపెట్టినవారు నా స్నేహితుడి బాబాయి గారు. దానికి 'మ్యూజిక్ థెరపీ' అని పేరు కూడా ఆయనే పెట్టారు.

వైద్యం జరిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. పేషెంటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు వారాలుగా సరైన తిండి లేదు, నిద్ర లేదు, మాట అసలే లేదు. బాబాయి గారు స్పీకరు తెచ్చి దిండుకి జానెడు దూరంలో పెట్టారు. "ఇది 432 హెర్ట్జ్‌రా, నరాలన్నీ సర్దుకుంటాయి" అన్నారు. అంటే శ్రుతికి ఆధారమైన స్వరం సెకనుకి 432 సార్లు కంపిస్తుందన్నమాట. 440 అయితే హానికరమట. ఆ 440కే శ్రుతి చేసుకుని వాయించే ఆర్కెస్ట్రాల వాళ్లు ఇన్నాళ్లూ ఎలా బతికున్నారో పాపం. రెండో పాట అవగానే యాడ్ వచ్చింది: పరుపుల మీద భారీ తగ్గింపు! డబ్బు కట్టని యాప్ మరి. మూడో పాటకి బాబాయి గారు చిటికెలు వేశారు, నాలుగో పాటకి లేచి ఊగారు. పిన్ని గారొచ్చి సౌండు తగ్గించమంటే "డోసు తగ్గించకూడదే" అని కసిరారు.

అసలు మ్యూజిక్ థెరపీ అనేది వేరే ఉంది లెండి. 2011లో ఫిన్లాండ్‌లో 79 మంది మీద చేసిన పరిశోధన అచ్చయింది. అందులో కొందరికి మామూలు చికిత్సతోపాటు 20 సెషన్లు ఇచ్చారు. అక్కడ వాయించింది పేషెంటే. శిక్షణ పొందిన థెరపిస్టు పక్కన కూర్చుని తానూ వాయించి, అందులోంచి పైకొచ్చిన దాని గురించి మాట్లాడించాడు. మూడు నెలలకి వాళ్లు మిగతావాళ్లకంటే బాగా కోలుకున్నారు. 2017లో, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ వాళ్లు 9 అధ్యయనాలు, 421 మంది వివరాలు చూసి చెప్పిందీ అదే: మామూలు చికిత్సకు తోడైతే కొద్దికాలానికి మేలు కనిపిస్తోందని.

'తోడైతే' అన్న మాట దగ్గరే బాబాయి గారికి చెవుడు. మంచం పక్కనున్న మాత్రల స్ట్రిప్ తీసి డ్రాయర్లో పడేసి, "ఇంకా ఇవెందుకురా" అన్నారు.

ఎవరిచ్చారండీ మీకా హక్కు? ఆ మాత్రలు పనిచేయడానికే వారాలు పడుతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరుగుతుంది, జబ్బు తిరగబెడుతుంది. ఆ స్ట్రిప్ చేతికి రావడానికి వాడు ఎన్ని నెలలు తనతో తాను పోట్లాడి డాక్టరు గది దాకా వెళ్లాడో తెలుసా? మీకు అయిన శ్రమల్లా ఒక్క ఫార్వర్డ్ చదవడం!

స్ట్రిప్ తీసి మళ్లీ వాడికి అందేలా పెట్టాను. ముప్ఫయ్యో పాట మధ్యలో వాడు గోడవైపు తిరిగే, "ఆపండి" అన్నాడు.

బాబాయి గారి కళ్లు చెమర్చాయి. రెండు వారాల్లో వాడి నోటినుంచి వచ్చిన మొదటి మాట! థెరపీ పనిచేసిందని సాయంత్రం దాకా చుట్టాలందరికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు.