శ్రీ నల్ల టేపు గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ఇన్సులేషన్ టేపు గారికి, బెజవాడ సత్యనారాయణపురం నుంచి ఒక హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సొంత వైర్‌లెస్ సెట్టుతో సరదాగా మాట్లాడుకునే) పిచ్చివాడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ కింద ఉన్న జాయింట్లు క్షేమమో కాదో మాత్రం మిమ్మల్ని విప్పితే గానీ తెలియదు. విప్పడానికి మీరు ఒప్పుకోరు. మీరు ఒప్పుకున్నా మీ జిగురు ఒప్పుకోదు.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. మిమ్మల్ని ఈ ఇంట్లో ఎవరూ ఉద్యోగంలోకి తీసుకోలేదు. ఊళ్లో ఒక పెద్దాయన వయసు మీద పడి రేడియో మానేస్తూ, తన సెట్లు, పవర్ సప్లై, వాటి మధ్య వైర్లు అన్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టి నాకిచ్చారు. "అన్నీ కలిపే ఉన్నాయి బాబూ, ప్లగ్గు పెట్టుకోవడమే" అన్నారు. నిజమే, అన్నీ కలిపే ఉన్నాయి. కలిపింది మీరు. సెట్టుకు బిల్లుంది, పవర్ సప్లైకి గ్యారంటీ కార్డుంది, ఏ కాగితమూ లేకుండా ఆ పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ చోట్ల కొలువైంది మాత్రం తమరే.

మే నెల ఎండల్లో, టార్చి పట్టుకుని టేబుల్ కింద దూరి, మిమ్మల్ని దగ్గర నుంచి దర్శించుకున్నాను. పవర్ సప్లై వెనక ఎర్ర బోల్టు ఒకటి, నల్ల బోల్టు ఒకటి. ఎర్ర బోల్టు నట్టు కింద అయిదు వైర్లు. దూరదేశాలతో మాట్లాడే హెచ్‌ఎఫ్ సెట్టుది, దగ్గరివాళ్లతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ సెట్టుది, యాంటెన్నాను సెట్టుకు సరిపెట్టే ట్యూనర్‌ది, ఆ సరిపాటు చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు లైటుది, చివరికి ఫోన్ చార్జరుది కూడా. నట్టు బిగిస్తుంటే కింది వైరు పోగులు రెండు పక్కకు జారి నల్ల బోల్టు వైపు సాగుతున్నాయి. అక్కడికి జానెడు దూరంలో తమరి ప్రధాన కార్యాలయం. మూడు వైర్లను మెలేసి, ఆ మెలిక మీద తమరు తీరిగ్గా చుట్టుకుని కూర్చున్నారు. ఎండకు జిగురు కరిగి అంచు పక్కకు తొలగింది, లోపల రాగి కనబడుతోంది. రాగి రాగిరంగులో లేదు, నల్లగా కమిలి ఉంది. చూపుడు వేలితో తాకాను. జిగురు వేలికి అంటింది, వేలి నుంచి మైకుకి, మైకు నుంచి గడ్డానికి. గడ్డం మీది మరక చూసి ఆఫీసులో అడిగినవాళ్లకు మీ పేరే చెప్పాను.

మీ సామ్రాజ్యం ఒకే ఒక్క మాట మీద నిలబడింది: "పన్నెండు వోల్టులే కదా, షాక్ కొడుతుందా ఏంటి!" కొట్టదు, ఒప్పుకుంటాను. కానీ మా పంచాయితీ వోల్టులతో కాదు, యాంపియర్లతో. 100 వాట్ల హెచ్‌ఎఫ్ సెట్టు వింటున్నంతసేపూ ఒకటి, ఒకటిన్నర యాంపియర్లతో బుద్ధిగా ఉంటుంది. మైకు మీట నొక్కి మాట్లాడగానే 20 యాంపియర్లు, ఇంకాస్త పైన కూడా లాగుతుంది. ఇదే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ తీసుకునేది ఏడెనిమిది యాంపియర్లు. ఆ ఏసీ పెట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ "4 స్క్వేర్ ఎంఎం వైరు లేకపోతే నేను ముట్టుకోను సార్" అని భీష్మించుకున్నాడు. దానికంటే దాదాపు మూడింతల కరెంటు లాగే రేడియోకు మాత్రం ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 1 స్క్వేర్ ఎంఎం ముక్క, దాని మీద మీ ఆశీస్సులు. 230 వోల్టుల దగ్గర ఫ్యాన్లు తిప్పిన వైరు, పేరుకు పన్నెండైనా నిజానికి 13.8 అయిన ఈ వోల్టులకు చాలదా అని మీ భక్తుల వాదన. చాలదు. అదే పవర్ తక్కువ వోల్టేజీలో కావాలంటే కరెంటు ఎక్కువ పారాలి, వైరును వేడెక్కించేది కరెంటే. ఈ మాట లైసెన్సు పరీక్షలో రాసి పాసైన వాళ్లమే మేమందరం. కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే పిలుపు పేరు) ముందు మన దేశపు గుర్తులైన వీయూ2 ఉన్నా వీయూ3 ఉన్నా, టేబుల్ కిందికి వచ్చేసరికి ఓమ్ గారు పక్కకు తప్పుకుని తమరికి కుర్చీ ఇస్తారు.

లెక్క కావాలా? 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకు సుమారు 0.018 ఓమ్‌లు. పవర్ సప్లై నుంచి సెట్టుకు 3 మీటర్లు, తిరిగి 3 మీటర్లు. వెరసి 0.11 ఓమ్. 20 యాంపియర్ల దగ్గర 2.2 వోల్టులు దారిలోనే గల్లంతు. ఇక్కడ 13.8 బయల్దేరితే అక్కడ 11.6 చేరుతుంది. చాలా సెట్లు 13.8కి 15 శాతం అటూ ఇటూ ఓర్చుకుంటాయి, అంటే కింది హద్దు 11.7. ఇంకా మీ మెలికల వాటా కలపనే లేదు. వింటున్నంతసేపూ అంతా సలక్షణంగా ఉంటుంది. "సీక్యూ, సీక్యూ" (ఎవరైనా ఉన్నారా) అని గొంతు పెంచగానే డిస్‌ప్లే మసకబారుతుంది. కాస్త ఉత్సాహం ఎక్కువైతే సెట్టు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. అవతలివాడికి "విక్టర్ యూనిఫాం", అంటే వీ, యూ అక్షరాల దాకా వినబడుతుంది, తర్వాత నిశ్శబ్దం. మన దేశంలో ఎవరో ఉన్నారని మాత్రం అతనికి అర్థమవుతుంది.

ఇదంతా జరుగుతుంటే పవర్ సప్లై మీది మీటరు 13.8 దగ్గర నుంచి ముల్లు కదపదు. కొలవాల్సింది అక్కడ కాదు, సెట్టు వెనక సాకెట్ దగ్గర, అదీ మీట నొక్కి ఉన్నప్పుడు. ఆ పని చెయ్యనివ్వకుండా కాపాడేది కూడా తమరే, ఎందుకంటే మీటరు పుల్ల పెట్టడానికి మీ మధ్య సందు ఎక్కడుంది?

మీ కింద సాగే గృహపరిశ్రమ గురించి ఇంకో ముక్క. వదులు జాయింటులో 0.05 ఓమ్ అడ్డు చాలు, 20 యాంపియర్ల దగ్గర అక్కడ 20 వాట్ల వేడి పుడుతుంది. నా సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. కంప్యూటర్‌తో సందేశాలు పంపే ఎఫ్‌టీ8 మోడ్‌లో సెట్టు ఒక్కో విడతకు దాదాపు 13 సెకన్లు ఆగకుండా పంపుతుంది, అలా గంటల తరబడి. అంటే తమరు గంటల తరబడి ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను కౌగిలించుకుని ఉంటారు, ఒక్క బొట్టు సీసం కూడా కరగని సోల్డరింగ్ ఐరన్‌ను. దాని మీద రేడియోలో గరగర. ఆ గరగరకు మేం నిందించని వాళ్లు లేరు. పక్కింటి ఎల్‌ఈడీ బల్బులు, ఎదురింటి ఇన్వర్టరు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు, మేడ మీద అద్దెకున్న కుర్రాడి ల్యాప్‌టాప్ చార్జరు. చీపురు కొస తగిలి తమరు కాస్త కదిలితే గరగర ఆగిందనుకోండి, ఆ రోజు సూర్యుడి మీద మచ్చలు తగ్గాయని చెప్పుకుంటాం.

ఊళ్లో ఎవరి స్టేషన్‌కు వెళ్లినా ముందు వైపు చూడముచ్చటగా ఉంటుంది. గోడ నిండా మాట్లాడినట్టు రుజువుగా వచ్చిన క్యూఎస్‌ఎల్ కార్డులు, తళతళలాడే సెట్లు, స్టాండు మీద మైకు. ఫొటో ఎప్పుడూ ముందు వైపు నుంచే తీస్తారు. టేబుల్‌ను మూడంగుళాలు ముందుకు జరపబోతే ఇంటాయన గొంతు మారిపోతుంది: "అది అలా ఉండనివ్వండి గురువుగారూ, కదిపితే మళ్లీ రాదు." తమరి ప్రభ అలాంటిది.

అసలు బెజవాడలో పుట్టి పెరిగిన వాళ్లకు పంపిణీ గురించి ఒకరు చెప్పాలా చెప్పండి! ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి ఊళ్లోనే ఉంది, అంతకు ముందు నూరేళ్లు అక్కడ ఆనకట్ట ఉంది. ఎడమ ఒడ్డున తీసుకున్న నీళ్లు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అంటూ మన వీధుల మధ్య నుంచే చీలిపోతాయి. తల దగ్గర కాలువ వెడల్పు, పోనుపోను పిల్ల కాలువలు సన్నం. గేట్లు తల దగ్గర ఉంటాయి, గండి పడితే అక్కడే మూస్తారు. పొలం గట్టు మీద గేటు పెట్టి కాలువను కాపాడామని ఎవరూ అనుకోరు. నా టేబుల్ కింద ఇదే ఏర్పాటు కావాలి. పవర్ సప్లై నుంచి బస్‌బార్ (కరెంటును పంచే లోహపు పట్టీ) దాకా ఒక్కటే లావు వైరు. బస్‌బార్ దగ్గరే ఒక్కో సెట్టుకు ఒక్కో ఫ్యూజు. అక్కడి నుంచి ఎవరి వైరు వారిది. తమరి పాలనలో మా వాళ్ల టేబుళ్ల కింద జరిగేది ఏంటంటే, హెచ్‌ఎఫ్ సెట్టు వైరు మధ్యలో గండి కొట్టి వీహెచ్‌ఎఫ్, దాని మధ్యలో ఇంకో గండి కొట్టి ట్యూనరు, దాని తోకకు మీటరు లైటు. శివారు రైతుకు నీళ్లెప్పుడు అందాయి గనక!

ఫ్యూజు విషయంలో తమరి సంప్రదాయం మరీ గొప్పది. పోయిన ఫ్యూజులో రాగి పోగు కట్టి పైన మీరు ఒక చుట్టు. ఫ్యూజు కాపాడేది సెట్టునని మా వాళ్ల నమ్మకం. అది ముందు కాపాడేది వైరును. అందుకే ఫ్యూజు ఉండాల్సింది కరెంటు బయల్దేరే చోట, చేరే చోట కాదు. పవర్ సప్లైకి కాస్త మర్యాద ఉంది, షార్ట్ అయితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు చాలావాటికి ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి ఆ మొహమాటం లేదు. షార్ట్ అయితే వందల యాంపియర్లు గుమ్మరిస్తుంది, వైరు ఎర్రగా కాలేదాకా ఊరుకోదు. ప్లస్సు, మైనస్సు తారుమారైతే కాపాడటానికి చాలా సెట్లలో లోపల ఒక డయోడు ఉంటుంది. దాని పనల్లా ఫ్యూజును కాల్చి సెట్టును బతికించడం. ఫ్యూజు స్థానంలో రాగి పోగు ఉంటే ఆ డయోడు తనే కాలిపోయి, తనతో బోర్డు మీది రాగి గీతలను కూడా తీసుకుపోతుంది.

విపత్తుల మాట ఎత్తకుండా ఉండలేను, ఎందుకంటే మేం ఎత్తకుండా ఉండలేం. 2004 డిసెంబరు సునామీ అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్‌లు బయటి ప్రపంచానికి కబురు ఎలా అందించారో ఏ సభలోనైనా చెప్పుకుంటాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి కరెంటు లేకుండా నీళ్లలో ఉన్నప్పుడు మన ఊరికీ అలాంటి అవసరం ఎంత దగ్గరో తెలిసొచ్చింది. సరే, కరెంటు పోయింది. సెట్టును పవర్ సప్లై నుంచి విప్పి బ్యాటరీకి తగిలించాలి. మంచి కనెక్టరు ఉంటే అది కళ్లు మూసుకుని చేసే పని. ఉన్నది తమరు. టార్చి నోట్లో, బ్లేడు చేతిలో, అంచు ఎక్కడుందో గోటితో వెతుకులాట. అంతా అయ్యాక, బ్యాటరీ నిండా ఉన్నా మొదలయ్యేదే 12.7 వోల్టుల దగ్గర. అందులో మీ వాటా 2.2 తీసేస్తే మిగిలేది 10.5. లోకరక్షణకు బయల్దేరిన సెట్టు డిస్‌ప్లే ఒకసారి వెలిగించి దండం పెడుతుంది.

అందుకని ఆటోనగర్ వెళ్లాను. 12 వోల్టుల గురించి అక్కడి ఆటో ఎలక్ట్రీషియన్లకు తెలిసినంత మా హామ్‌లకు తెలియదని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే. లారీ కింద లైట్లు ఆరిపోతే రాత్రి హైవే మీద ఏమవుతుందో వాళ్లకు తెలుసు. కౌంటర్ దగ్గర కుర్రాడిని ఆరు దారుల బ్లేడ్ ఫ్యూజు బాక్సు, 6 స్క్వేర్ ఎంఎం వైరు, దాని కొసలకు నొక్కే లగ్గులు అడిగాను.

"ఏ బండికి సార్?"

"బండి కాదు, టేబుల్‌కి."

ఒకసారి నా వంక ఎగాదిగా చూశాడు. రేడియోకని చెబితే "రేడియోకి ఇంత లావు వైరా?" అని నవ్వాడు. 20 యాంపియర్లన్నాక నవ్వాపి, "అయితే లగ్గు ఇక్కడే నొక్కించుకెళ్లండి సార్, ఇంటి దగ్గర కటింగ్ ప్లేరుతో నొక్కేస్తారు మీరు" అన్నాడు. పెద్ద మిషను మీద పెట్టి నొక్కి, లాగి చూపించి మరీ ఇచ్చాడు. మీ ప్రస్తావన తెచ్చాను. "టేపా? అది జాయింటుకి కాదు సార్, గుర్తుకి" అన్నాడు. కోపం తెచ్చుకోకండి, కుర్రాడు.

ఇప్పుడు పరిస్థితి ఇది. హెచ్‌ఎఫ్‌కు 25 యాంపియర్ల ఫ్యూజు, వీహెచ్‌ఎఫ్‌కు నీలం రంగు 15, ట్యూనరుకూ మీటరుకూ చెరొక చిన్నది. బ్యాటరీ ప్లస్సు దగ్గర విడిగా ఆకుపచ్చ రంగు 30. ఆ 3 మీటర్ల దూరానికి 20 యాంపియర్ల దగ్గర పోయేది ఇప్పుడు 0.4 వోల్టే. అన్నిటికీ ఒకే రకం పవర్‌పోల్ కనెక్టర్లు. వాటిలో ఆడా మగా తేడా లేదు, ఏది దేనికైనా తగులుతుంది. ముందు నుంచి చూస్తే ఎరుపు కుడి పక్క, నాలుక పైకి. ప్రపంచమంతా హామ్‌లు ఎక్కువగా పాటించే పద్ధతి కాబట్టి ఎవరి బ్యాటరీ అయినా ఎవరి సెట్టుకైనా తగిలించొచ్చు. ఖరీదు ఎక్కువే, ఆ సంగతి ఇంట్లో చర్చకు రాలేదు.

కాబట్టి తమరికి బదిలీ. డాబా మీద యాంటెన్నా కింద కోయాక్స్ కేబుల్ జాయింటు ఒకటి వానకు తడుస్తోంది. దానికి తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టాను, ఎండ తగలకుండా దాని పైన మీరు ఉండాలి. కింది నుంచి పైకి చుట్టుకోవాలి, అప్పుడే వాన నీళ్లు మడతల్లోకి దిగకుండా జారిపోతాయి. అక్కడ మీకు నిజంగా పనుంది. టీఏ, డీఏలు లేవు. చార్జి అప్పగించేటప్పుడు వైర్ల మీది జిగురు మీరే తీసుకెళ్లాలి, కిరోసిన్ గుడ్డ మేమిస్తాం.

ఇట్లు,
టేబుల్ కింద నుంచి,
73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు)

నకలు: మరచుట్ల స్ట్రిప్ కనెక్టరు గారికి, సమాచార నిమిత్తం. తమరి ఫైలు కూడా కదులుతోంది.